చెట్టునీడా, వర్గదృష్టీ

మూడు నెలల కిందట మా ఊళ్లో సాహిత్యసంఘం సమావేశం జరిగింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి తన హాస్టలు కిటికీ ఎదుట ఉన్న వేపచెట్టు మీద రాసుకొన్న వచన కవిత చదివింది. ఇరవై పంక్తులుంటుందేమో. గొప్ప కవిత అని నేననను. రెండు మూడు చోట్ల మాట తడబడింది. చివరి నాలుగు పంక్తులు లేకపోతేనే బాగుండేది. కాని ఆ అమ్మాయి ఆ చెట్టును నిజంగా చూచింది. ఉగాదికి ముందు ఆకంతా రాలిపోయి, లేత ఎర్రచిగురు వేసే ఆ కొద్దిరోజులనూ, పూత రాలి కిటికీ గట్టు మీద పడితే తుడిచివేయడానికి మనసొప్పకపోవడాన్నీ పట్టుకొంది. చదవడం అయిపోగానే ఒక మిత్రులు లేచారు. మా సంఘంలో ఆయన పెద్దవారు. విమర్శ అంటే ఏమిటో నాకు నేర్పినవారు. "అమ్మాయీ, బయట కూలివాడికి పని దొరకడం లేదు. నీకు వేపపూత కనబడిందా? భావకవిత్వాన్ని మేము పాతిపెట్టి ఎనభై ఏళ్లయింది. దాని దయ్యాన్ని మళ్లీ లేపవద్దు" అన్నారు. సభ నవ్వింది. ఆ అమ్మాయి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకొంది. నేను ఆ పూట నోరు విప్పలేదు. పెద్దవారన్న గౌరవం కొంత, పిరికితనం కొంత. ఆ పిరికితనానికి పరిహారంగానే ఈ వ్యాసం.

ఆయన వాదాన్ని ముందు నాకు చేతనైనంత న్యాయంగా చెబుతాను. ఎదుటివాడి వాదాన్ని నీరుగార్చి చెప్పి ఆ తర్వాత దానిమీద విజయం సాధించడం మన విమర్శలో చాలాకాలంగా ఉన్న దురలవాటు. ఆయన అనేది ఇది: ప్రకృతిని చూచి ఆనందించడానికి తీరిక కావాలి. తీరిక ఉన్నవాళ్లు కొద్దిమంది. ఆ కొద్దిమంది తీరిక తక్కినవాళ్ల చాకిరీ మీద నిలబడి ఉంది. కనుక చెట్టును చూచి, చెరువును చూచి, వెన్నెలను చూచి పొందే ఆనందం వర్గాతీతమైనది కాదు. పైగా ఆ ఆనందం మనిషి కోపాన్ని చల్లారుస్తుంది. చల్లారిన మనిషి పోరాడడు.

ఈ వాదంలో నిజం లేదని నేను అనడం లేదు. సగం నిజముంది. ఆ సగం ఏదో మొదట తేల్చుకొందాం.

ఈమధ్య పత్రికల ఆదివారం అనుబంధాల్లోనూ, సెల్‌ఫోను తెరల మీదా ఒక సలహా తరచు కనబడుతున్నది. మనశ్శాంతి కావాలంటే రోజూ కాసేపు పచ్చదనంలో గడపండి, ఇంటిపక్క పార్కుకు వెళ్లండి, పిట్టల కూత వినండి, మట్టిమీద వట్టికాళ్లతో నడవండి. సలహా మంచిదే. కాని ఎవరికి? ఎం.ఏ. పూర్తిచేసిన కొత్తలో నేను ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కాలేజీ ఒకదానిలో రెండేళ్లు తెలుగు చెప్పాను. ఐదంతస్తుల మేడ. తెల్లవారుజామున ఐదింటికి గంట కొడతారు. రాత్రి పదిన్నరకు స్టడీ అవర్ ముగుస్తుంది. ఆటస్థలం లేదు. కిటికీలకు ఇనుపవల. ఆ పిల్లలు రెండేళ్లపాటు వాన చప్పుడు విన్నారు గాని వానలో తడవలేదు. నేను వాళ్లకు ఋతువర్ణన పాఠం చెప్పాను. ఏ ఋతువు ఏ నెలల్లో వస్తుందో వాళ్లు తడుముకోకుండా చెప్పగలిగేవాళ్లు. అందుకు మార్కులుంటాయి గదా. యాజమాన్యంవారు ఏడాదికొకసారి మానసిక నిపుణుణ్ణి పిలిపించి, ఒత్తిడి తగ్గించుకోవడం ఎట్లాగో ఉపన్యాసం ఇప్పించేవారు. ఒక ఏడు వచ్చినాయన ప్రకృతితో స్నేహం చేయమని హితవు చెప్పి కారెక్కి వెళ్లిపోయాడు. పిల్లలు చప్పట్లు కొట్టి స్టడీ అవర్‌కు వెళ్లారు.

సలహా మనిషికి, వల కిటికీకి. ఈ ఏర్పాటులో మనిషి తన అశాంతికి తానే బాధ్యుడవుతాడు. పార్కుకు వెళ్లకపోవడం అతని బద్ధకం అవుతుంది. పార్కు ఉందా, ఉంటే ఎంత దూరంలో ఉంది, టిక్కెట్టు ఎంత, తలుపు ఎప్పుడు తీస్తారు అన్న ప్రశ్నలు ఎవరూ వేయరు. హైదరాబాదులో 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు జూబిలీహిల్స్‌ను ఆనుకొని ఉన్నది గాని పాతబస్తీని ఆనుకొని లేదు. అది యాదృచ్ఛికమే కావచ్చు. కాని ఇట్లాంటి యాదృచ్ఛికాలు ఎప్పుడూ ఒకవైపే ఎందుకు మొగ్గుతాయో ఆలోచించాలి. ఇక చెరువులో సగం పూడ్చి మేడ కట్టి, తక్కిన సగం కిటికీలోనుంచి కనబడుతుందని చెప్పి ధర పెంచి అమ్ముకొనే పెద్దమనుషుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఈ సరుకును మా మిత్రులు ఎంత తిడితే అంతగా నేను ఆయన పక్కన నిలబడతాను.

అయితే, దొంగ చేతిలో సొమ్ము కనబడినప్పుడు దొంగను పట్టుకోవాలి గాని సొమ్మును తిట్టిపోస్తే ఏం లాభం?

మా మిత్రుల వాదంలో రెండో సగం ఇక్కడ మొదలవుతుంది. శ్రామికుడికి ప్రకృతితో ప్రమేయం లేదని ఆయన ఎవరిని అడిగి తెలుసుకొన్నారు? మా ఊరి మార్కెట్ యార్డులో నాలుగేళ్ల కిందటి వరకు మూడు వేపచెట్లూ ఒక రావిచెట్టూ ఉండేవి. వేరుశనగ మూటలు దించిన హమాలీలు మధ్యాహ్నం వాటి కింద అన్నం తిని ఒక గంట నడుము వాల్చేవారు. యార్డును అభివృద్ధి చేస్తామని ఆ చెట్లు కొట్టి రేకుల షెడ్డు వేశారు. ఈ వేసవిలో ఒక పనిమీద అక్కడికి వెళ్లాను. షెడ్డు కింద ఎవరూ లేరు. హమాలీలు లారీల కింద, రెండు చక్రాల మధ్య, గోతాలు పరచుకొని పడుకొన్నారు. ఒక పెద్దాయన నాతో, "రేకుల కింద నీడుంది సార్, చల్లదనం లేదు" అన్నాడు. కాసేపాగి, "చెట్టుకాడైతే నలుగురం కూచుని ఏదో ఒకటి మాట్లాడుకుండేటోళ్లం. మూటకు రేటు పెంచాలని కూచున్నది గూడా ఆడనే" అన్నాడు.

చల్లారిన మనిషి పోరాడడన్న సూత్రానికి ఆ పెద్దాయన మాట జవాబు. చెట్టుకింద నడుము వాల్చినవాడు లేచి కూర్చొన్నాడు, పక్కవాడితో మాట్లాడాడు, రేటు పెంచమన్నాడు. మండుటెండలో లారీ కింద ఒంటరిగా పడుకొన్నవాడు ఎవరితో మాట్లాడుతాడు? మనుషులు కలిసి కూర్చొనడానికి చోటు కావాలి. మన దేశంలో ఆ చోటు చాలాకాలంగా చెట్టుకిందనే ఉంది. రచ్చబండ ఎక్కడుంటుందో మా మిత్రులకు తెలియదా?

తీరిక సంగతి చూద్దాం. తీరిక దోపిడీదారుల సొత్తు అంటున్నారు గదా. మరి 1886 మే నెలలో షికాగో కార్మికులు ఎందుకు సమ్మె కట్టారు? ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి, తక్కిన ఎనిమిది గంటలు తమ ఇష్టం అన్నారు. కూలి పెంచమనడం ఒక్కటే అయితే అది వేరే కోరిక. వాళ్లడిగింది కాలాన్ని. ఆ మూడో ఎనిమిది గంటల్లో మనిషి ఏం చేస్తాడు, ఎక్కడ కూర్చొంటాడు, ఏం చూస్తాడు అన్నది కార్మికోద్యమానికి పట్టని విషయమైతే, ఆ కోరికకు అర్థమే లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజుకు గరిష్ఠ పనిగంటలను 9 నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. తెలంగాణ ప్రభుత్వం అదే ఏడు వాణిజ్యసంస్థల్లో 10 గంటల పనికి అనుమతిచ్చింది. ఆ పోయిన గంట ఏ గంట? సాయంకాలపు గంట. బిడ్డను చంకనెత్తుకొని వీధి చివరిదాకా పోయి వచ్చే గంట. దాన్ని మనమే విలాసమని పేరుపెట్టి ఎగతాళి చేస్తే, దాన్ని గుంజుకొనేవాడికి మన సాయం అంది గూడా అందినట్టే.

పాఠకులు ఇక్కడ ఒక ప్రశ్న వేయవచ్చు. చెట్టును చూస్తే మనిషి ఆరోగ్యం బాగుపడుతుందన్నది కవుల ఊహ కాదా? నేను వైద్యుణ్ణి కాను. చదివి తెలుసుకొన్నది చెబుతాను. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే అమెరికన్ పరిశోధకుడు ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో పిత్తాశయానికి శస్త్రచికిత్స చేయించుకొన్న 46 మంది రోగుల రికార్డులు ఆయన పరిశీలించాడు. సగంమందికి కిటికీలోనుంచి చెట్లు కనబడేవి. సగంమందికి ఇటుకగోడ కనబడేది. చెట్లు కనబడినవాళ్లు త్వరగా ఇంటికి వెళ్లారు, నొప్పికి బలమైన మందులు తక్కువ వాడారు. 46 మంది తక్కువే, ఒప్పుకొంటాను. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2008లో మిచెల్, పోఫమ్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ప్రకటించిన వ్యాసం. ఇంగ్లండులో 4 కోట్లకు పైగా జనాభాను, వాళ్లు నివసించే ప్రాంతాల పచ్చదనాన్నిబట్టి వాళ్లు విభజించి చూచారు. పేదవాళ్లు ధనికులకంటే త్వరగా చనిపోతారన్నది మనకు తెలిసిన సంగతే. పచ్చదనం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఆ వ్యత్యాసం తక్కువగా ఉంది. ఊపిరితిత్తుల కేన్సరువంటి, పచ్చదనంతో సంబంధం లేని మరణాల్లో ఈ తేడా కనబడలేదు. దీనివల్ల కార్యకారణ సంబంధం పూర్తిగా రుజువైపోయిందని నేను అనను. కాని ఈ లెక్కను వర్గదృష్టితో చదవండి. ధనికుడికి పార్కు లేకపోయినా గడిచిపోతుంది. వాడికి తోట ఉంది, వైద్యుడున్నాడు, కొండమీద విడిది ఉంది. ఇంటిదగ్గర చెట్టు లేకపోతే ఎక్కువగా నష్టపోయేవాడు పేదవాడు. అంటే వేపచెట్టు మా మిత్రులు అనుకొన్నట్టు పేదవాడికి పరాయిది కాదు. ధనికుడికంటే పేదవాడికే దాని అవసరం ఎక్కువ.

మా మిత్రులు రోజూ తెల్లవారి కాలేజీ మైదానంలో నిద్రగన్నేరు చెట్ల కింద నలభై నిమిషాలు నడుస్తారు. వైద్యులు నడవమన్నారట. నేనూ అప్పుడప్పుడు ఆయన వెంట నడిచాను. కోకిల కూస్తే ఆయన ఆగుతారు. ఈ సంగతి బయటపెట్టినందుకు మన్నించాలి. రక్తంలో చక్కెర తగ్గడానికి పనికివచ్చే చెట్టు కవితలో మాత్రం ఎందుకు పనికిరాదో నాకు బోధపడడం లేదు.

ఇప్పుడు భావకవిత్వం దగ్గరికి వస్తాను. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిననాటికే భావకవిత్వం మీద తిరుగుబాటు చాలాదూరం వచ్చింది. ఆ తిరుగుబాటు అవసరమైనది. నేను దాని బిడ్డనే. అయితే మనం తిరగబడింది దేనిమీద? చంద్రుడిమీదా? కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' 1925లో వచ్చింది. ఆయన వెనక నడిచిన అనుయాయుల గుంపు కవిత్వం తీసి చూడండి. అందులో తరువులున్నాయి, లతలున్నాయి, విహంగాలున్నాయి. అది ఏ చెట్టో, ఏ పిట్టో, ఏ ఊరి వాగో మనకు తెలియదు. ఆ కవులకూ తెలియదు. ప్రకృతి వాళ్లకు ఒక అద్దం. అందులో తమ కన్నీరు తాము చూచుకొన్నారు. నా అభియోగం ఏమిటంటే, వాళ్లు ప్రకృతిని మితిమీరి చూడలేదు, అసలు చూడనే లేదు. మన విమర్శకులు ఆ గుడ్డితనాన్ని ఖండించవలసింది పోయి, చూపునే ఖండించారు. ఫలితంగా తర్వాతి తరం కవిత్వంలో చెట్టు వచ్చిందంటే అది ఉద్యమానికి సంకేతంగానే రావాలి. పూవు వచ్చిందంటే అది ఎర్రగానే ఉండాలి. అద్దం పోయి జెండా వచ్చింది. చెట్టు మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

చూడడం ఎట్లాగో తెలిసినవాడు ఒకాయన అప్పుడే ఉన్నాడు. జాషువ 'గబ్బిలం' 1941లో వచ్చింది. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. జాషువ నాయకుడికి గుడి ప్రవేశం లేదు, అతని గోడు శివుడితో చెప్పేవాడు లేడు. రాత్రి అతని గుడిసెలోకి గబ్బిలం వచ్చింది. గుళ్లో తలకిందులుగా వేలాడే ఆ ప్రాణికి లేని అంటు తనకెందుకున్నదన్న ప్రశ్న అక్కడినుంచే పుట్టింది. హంసను కాదని గబ్బిలాన్ని ఎన్నుకోవడంలోనే వర్గదృష్టీ కులదృష్టీ రెండూ ఉన్నాయి. అది ఇంటి చూరుకింది ప్రకృతి. దాన్ని పలాయనమనే సాహసం మా మిత్రులకు గూడా ఉండదనుకొంటాను.

ఇక మార్క్సు పేరు చెప్పి చెట్టును బహిష్కరించేవారికి ఒక్క విషయం గుర్తుచేస్తాను. 1842లో, ఇరవైనాలుగేళ్ల వయస్సులో, ఆయన రైన్ ప్రాంతపు పత్రికలో కలప దొంగతనం చట్టం మీద వ్యాసాలు రాశాడు. అడవిలో రాలిపడిన ఎండుపుల్లలను పేదలు ఏరుకోవడం తరతరాల ఆచారం. అడవి యజమానుల కోసం చట్టసభ దాన్ని దొంగతనం చేయబూనింది. ఆర్థిక విషయాలవైపు తనను మొదట తిప్పిన వాటిలో ఆ చర్చ ఒకటని 1859లో ఆయనే చెప్పుకొన్నాడు. మార్క్సు ఆర్థికశాస్త్రానికి ఎండుపుల్లల దారిలో వచ్చాడన్నమాట! అదే మార్క్సు లండనులో ఇరుకు గదుల్లో దరిద్రం అనుభవించే రోజుల్లో, ఆదివారం వస్తే భార్యాబిడ్డలతో, స్నేహితులతో, అన్నం బుట్ట పట్టుకొని హాంప్‌స్టెడ్ హీత్ మైదానానికి నడిచి వెళ్లేవాడని వెంట వెళ్లిన లీబ్‌క్నెక్ట్ రాశాడు. రోజా లక్సెంబర్గ్ మొదటి ప్రపంచయుద్ధకాలంలో జైల్లో ఉండి ఆకులూ పూలూ పుస్తకాల్లో ఒత్తిపెట్టుకొన్నది; జైలు ఆవరణలోకి వచ్చే పిట్టల గురించి స్నేహితులకు ఉత్తరాలు రాసింది. ఆమె కోపం చల్లారలేదు. 1919లో ఆమెను చంపినవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు, షెఫీల్డు పట్టణాల యువకార్మికులు కొన్ని వందలమంది కిండర్ స్కౌట్ అనే కొండమీదికి నడిచి వెళ్లారు. ఆ కొండ జమీందారులు పిట్టలను వేటాడుకోవడానికి ఉంచుకొన్నది; కార్మికుడు అడుగుపెట్టరాదు. ముందు నడిచిన బెన్నీ రాత్‌మన్ ఇరవైఏళ్ల కమ్యూనిస్టు యువకుడు. వేటకాపలావాళ్లతో పెనుగులాట జరిగింది. ఐదుగురికి జైలుశిక్ష పడింది. మిల్లులో వారమంతా పొగ మింగినవాళ్లు ఆదివారం ఇంటికి దగ్గరలో ఉన్న కొండగాలి తమదని అన్నారు, అంతే. 1951లో బ్రిటన్ తన మొట్టమొదటి జాతీయ ఉద్యానాన్ని ఆ ప్రాంతంలోనే ఏర్పాటు చేసింది. ప్రకృతిని ప్రేమించడం పోరాటాన్ని చంపుతుందనేవారు ఆ ఐదుగురికి ఏం జవాబు చెబుతారు?

మన దగ్గర ఈ ప్రశ్నకు మరొక ముడి ఉంది. దాన్ని దాటవేస్తే నేనూ ఆదివారం అనుబంధం రాసేవాళ్లలో చేరిపోతాను. పల్లెలో చెరువుగట్టు అందరిదనీ, ఒకనాడు అందరూ కలిసి ఆనందించారనీ కొందరు కలలు కంటారు. అందరిదీ ఎన్నడూ కాదు. మహద్‌లో 1927లో అంబేద్కర్ వేలమందితో వెళ్లి చౌదార్ చెరువు నీళ్లు దోసిట పట్టవలసివచ్చింది. ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జూలైలో గొడవ మొదలైంది మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గరే. ఆ నీళ్లను మురికి చేయవద్దన్న పాపానికి 17వ తేదీన దాడి చేసి ఆరుగురిని చంపారు. ఇంటిపక్క నీరు, ఇంటిపక్క నీడ మన సమాజంలో ఎన్నడూ అమాయకమైన వస్తువులు కావు. అవి ఎవరి ఇంటిపక్కన ఉన్నాయి, ఎవరిని చేరనిచ్చాయి అన్నదే అసలు విషయం. ఇది మా మిత్రుల వాదానికి బలం కాదు. చెరువుగట్టు మీద కూర్చొనే హక్కు కోసం మనుషులు ప్రాణాలిచ్చారంటే అది విలాసం ఎట్లా అవుతుంది?

అట్లాగే, మా మిత్రుల దృష్టిలో శ్రామికుడెప్పుడూ మగవాడే. మా కాలేజీ ఆడపిల్లల హాస్టలు గేటు సాయంకాలం ఆరింటికి మూస్తారు. మగపిల్లలు చెరువుగట్టు మీద చీకటి పడ్డాక గూడా కూర్చొని పాటలు పాడుకొంటారు. ఆ అమ్మాయికి కిటికీ ఉంది. కిటికీలో వేపచెట్టు ఉంది. వార్డెను లెక్కలో మిగిలిన ప్రకృతి అంత మేరకే. కవితలో ఆమె ఈ సంగతి చెప్పలేదు, నిజమే. చెప్పి ఉంటే మంచి కవిత అయ్యేది. ఆమెకు చెప్పవలసిన విమర్శ అది: "ఆ కిటికీ గురించి గూడా రాయి." మనం ఆ మాట చెప్పలేదు. నవ్వాం.

తిరుపతి మాకు ఎంతో దూరం కాదు. అక్కడ అవిలాల చెరువనీ, పేరూరు చెరువనీ రెండున్నాయి. 1990ల మొదట్లో ప్రభుత్వం వాటి భూమిని ఇళ్ల నిర్మాణానికి హౌసింగ్ బోర్డుకూ, పట్టణాభివృద్ధి సంస్థకూ అప్పగించింది. ఊళ్లోని కొందరు చదువుకొన్నవాళ్లు కలిసి కోర్టుకెక్కారు. 2006లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పేనాటికి కొంత భూమిలో ఇళ్లు లేచిపోయాయి. ఇకమీద కట్టరాదని కోర్టు ఆజ్ఞాపించింది. ఇట్లాంటి వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనన్న సూత్రాన్ని ఆ తీర్పులో నిలబెట్టింది. ఆ సూత్రం మీద ఎన్ని సాహిత్యసభలు జరిగాయి? నాకు తెలిసి మా జిల్లాలో ఒక్కటీ జరగలేదు. చెరువు మన సాహిత్యానికి వస్తువు కాదని మనం ఏనాడో తీర్మానించుకొన్నాం గదా.

మా మిత్రులలోని వైరుధ్యం పూర్తిగా బయటపడింది 2025లో. హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచె గచ్చిబౌలిలో 400 ఎకరాలను ఐటీ సంస్థలకోసం అమ్మజూపి, మార్చి నెలాఖరున అక్కడ బుల్డోజర్లు దించారు. విద్యార్థులు అడ్డుపడ్డారు, అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపమనేలోగా వంద ఎకరాలదాకా చదునైపోయింది. కాగితం ప్రకారం భూమి ప్రభుత్వానిదే కావచ్చు. ధర్మకర్త సంగతి పైన చెప్పాను. ఖండన ప్రకటన మా ఊరికి వచ్చినప్పుడు దానిమీద మొదటి సంతకం మా మిత్రులదే. నేను సంతోషించాను. ఇప్పుడు అడుగుతున్నాను: ఆ విద్యార్థులు ఎందుకు అడ్డుపడ్డారు? భూమి విలువ లెక్కగట్టి కాదు. సాయంకాలాలు ఆ బండలమీద కూర్చొన్నారు. నెమలి అరుపు విని నిద్రలేచారు. జింక ఏ వేళకు నీళ్లకు వస్తుందో వాళ్లకు తెలుసు. వాళ్లలో ఎవరో ఒకరు ఏదో ఒకనాడు ఆ నెమలిమీద ఒక బలహీనమైన కవిత రాసి, ఏదో ఒక సభలో చదివి, నవ్వులపాలై ఉంటారు. ఒక చోటును అనుభవించనివాడు ఆ చోటుకోసం బుల్డోజరు ముందు నిలబడడు. నెమలిని చూచి ముచ్చటపడితే భావకవిత్వం, నెమలికోసం దెబ్బలు తింటే అభ్యుదయం అని గీత గీయడం మా మిత్రులకు ఎట్లా సాధ్యమైందో ఆయనే చెప్పాలి. రెండూ ఒకే మనిషి చేసిన పనులు.

ఈ వ్యాసం సగం రాసిన తర్వాత ఒక సంగతి తెలిసింది. ఆ హాస్టలు ముందరి వేపచెట్టు మొదలు మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు పెట్టారు. అక్కడ కార్లు నిలపడానికి షెడ్డు వస్తుందట. రేకుల షెడ్డే. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టరాదు. అనుమతికోసం దరఖాస్తు పెట్టారో లేదో అడిగితే ఆఫీసులో ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ అమ్మాయే ఒక అర్జీ రాసుకొని నా దగ్గరకు వచ్చింది. ఒక పేజీ. చెట్టు చుట్టుకొలత టేపు పెట్టి కొలిచి రాసింది, దానికింద మధ్యాహ్నం అన్నం తినే స్వీపర్లు, వంటమనుషులు ఎంతమందో లెక్కపెట్టి రాసింది. కవితలోకంటే ఇందులో భాష బాగుంది. కవిత ఏం చేశావని అడిగాను. "ఉంది సార్, మళ్లీ చదవను" అన్నది.

అర్జీమీద నిన్నటికి 61 సంతకాలు పడ్డాయి. అందులో పద్నాలుగు వేలిముద్రలు. రేపు తెల్లవారి మా మిత్రులు నడక ముగించి ఇంటికి వచ్చే వేళకు ఆ అమ్మాయీ నేనూ వాళ్లింటికి వెళుతున్నాం. కలం మేమే తీసుకువెళతాం.